34 ఏళ్ల కొడుకు ఐటీఐ చేస్తానంటే, తండ్రి గల్ఫ్ పంపుతానంటే

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా పెద్దబ్బాయికి 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, పెద్దది ఆరో తరగతి. టెన్త్‌లో లెక్కలు పోయాయి, మళ్లీ కట్టలేదు. రాజాంలో జూట్ మిల్లులో తొమ్మిదేళ్లు మెయింటెనెన్సు హెల్పరుగా చేశాడు. మిల్లు మూసేశాక దొరికిన రోజు కూలికెళ్తున్నాడు. కోడలి పుట్టిల్లు కవిటి వైపు. అక్కడ చాలామంది వెల్డింగు నేర్చుకుని విదేశాలు వెళ్లి ఇళ్లు కట్టుకున్నారు. 45 రోజుల సిక్స్‌జీ వెల్డింగు కోర్సుకి 70 వేలు, గల్ఫ్ పంపడానికి ఏజెంటుకి లక్షా 80 వేలు అంటున్నారు. ముందు విజిట్ వీసా మీద వెళ్తే అక్కడ పని వీసాగా మారుస్తారట. కోర్సుకి 20 వేలు అడ్వాన్సు ఇచ్చేశాను. మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి దొరుకుతుంది. వాడేమో ఐటీఐ చేస్తానంటున్నాడు. ఈ వయసులో ఐటీఐ ఏంటి, నలుగురూ నవ్వరా? రెండిట్లో ఏది మంచిది?

జవాబు: అయ్యా, మీ ఉత్తరం నిండా ఉన్నది ఒకటే దిగులు. కొడుకు బతుకు 34 ఏళ్లకే ఆగిపోయిందేమోనని. ఆగిపోలేదు. ముందు ఆ మాట గట్టిగా పట్టుకోండి. ఐటీఐలో చేరడానికి కనీసం 14 ఏళ్లు ఉండాలి, ఇంత దాటకూడదన్న గీత లేదు. నవ్వేవాళ్లు మొదటి వారం నవ్వుతారు. వర్క్‌షాపులో అతను స్పానరు పట్టుకునే తీరు చూశాక ఆ పిల్లలే వచ్చి అడిగి నేర్చుకుంటారు.

ఇక సిక్స్‌జీ. ఈమధ్య మన వైపు ఏ ఇంట్లో చూసినా ఇదే మాట. పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేసి, దాన్ని కదపకుండా, మనిషే చుట్టూ తిరుగుతూ అతుకు వెయ్యాలి. కింది వైపు తలమీద వెల్డింగు, పక్కల నిలువుది, పైన పడకది, అన్నీ ఒకే జాయింటులో వస్తాయి. అందుకే అది చివరి మెట్టు. ప్లేటు మీద 1జీ నుంచి 4జీ దాకా, అంటే పడక, అడ్డం, నిలువు, తలమీద వెల్డింగు, తర్వాత అడ్డంగా బిగించిన పైపు మీద 5జీ, అవన్నీ అయ్యాకే ఇది. మామూలుగా పరీక్షలో మందపాటి పైపు ఇచ్చి, రెండు అంచుల మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల సందు ఉంచి, అడుగు పొర టిగ్‌తో (ఆర్గాన్ గ్యాసు వెల్డింగు), పైపొరలు 7018 రకం వెల్డింగు రాడ్డుతో వేయిస్తారు. అడుగు పొర లోపలి దాకా దిగకపోయినా, పొరకీ పొరకీ మధ్య స్లాగు, అంటే అతుకు మీద పేరుకునే పెంకు, శుభ్రంగా కొట్టకపోయినా, తేమ పట్టిన రాడ్డు వాడి లోపల బుడగలు పడినా, పైకి ఎంత ముచ్చటగా ఉన్న అతుకైనా ఎక్స్‌రేలో దొరికిపోతుంది.

ఇదంతా 45 రోజుల్లో వస్తుందా? లెక్క మీరే వెయ్యండి. ఒక మెషినుకి పదిమంది ఉంటే, రోజుకి 8 గంటలు నడిపినా మనిషికి దక్కేది 48 నిమిషాలు. ఆదివారాలు తీసేస్తే మొత్తం 31 గంటలు. వెల్డింగు హోల్డరు ఎప్పుడూ పట్టని మనిషికి ఆ గంటల్లో ప్లేటు మీద గీత తిన్నగా వస్తే గొప్ప. పైగా ఆ ఇన్‌స్టిట్యూటు ఇచ్చే సర్టిఫికెట్టు చూసి ఏ మంచి కంపెనీ ఊరికే తీసుకోదు, తన పద్ధతిలో మళ్లీ పరీక్ష పెడుతుంది. పెద్ద ప్రాజెక్టుల్లో నడిచే ఆస్మే (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) ప్రమాణం ప్రకారం, ఆరు నెలలు ఆ రకం వెల్డింగు చెయ్యకుండా ఉంటే పాసైన అర్హత కూడా పోతుంది. కవిటి వైపు ఉద్దానం వాళ్లు బాగుపడలేదని నేననను. కానీ చెయ్యి తిరిగినవాళ్లని అడగండి, షిప్‌యార్డుల్లో, ఫాబ్రికేషన్ షెడ్లలో ఎన్నేళ్లు గ్రైండింగు చేశాక హోల్డరు చేతికిచ్చారో చెబుతారు. మీకు కనబడింది వాళ్ల ఇల్లు. ఆ ఏళ్లు కనబడలేదు.

విజిట్ వీసా మాట దగ్గర నాకు నిజంగా భయమేసింది. టెన్త్ పాసవని వాళ్ల పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. (పనికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ అవసరమైన రకం) కిందికి వస్తుంది. దానిమీద గల్ఫ్‌కి పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి ఉండాలి. అందుకు యజమాని ఒప్పందం, జీతం వివరం, బీమా చూపాలి. అవి చూపలేనివాడే విజిట్ వీసా అంటాడు. ఆ వీసా మీద పని చెయ్యడం అక్కడ చట్టవిరుద్ధం. జీతం ఎగ్గొట్టినా, చెయ్యి విరిగినా అడగడానికి కాగితం ముక్క ఉండదు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30 వేలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. మిమ్మల్ని అడిగింది లక్షా 80 వేలు! ఆ ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ఫోనులోనే చూడొచ్చు. నంబరు చెప్పకుండా నసిగితే అక్కడే లేచి వచ్చెయ్యండి.

ఒక మాట అంటాను, నొచ్చుకున్నా సరే. ఉత్తరంలో కోడలి ఊరివాళ్ల సంగతి రాశారు, ఏజెంటు చెప్పింది రాశారు, నలుగురూ ఏమనుకుంటారో రాశారు. మీ కొడుకు ఐటీఐ ఎందుకు చేస్తానంటున్నాడో మాత్రం రాయలేదు. అడిగి ఉండరు. మిల్లు మూతపడటం అతని తప్పు కాదు. అప్పట్నుంచీ కూలికెళ్లి ఇల్లు నడుపుతూ, చదువుకుంటానని నోరు తెరిచి అడిగిన మనిషిని పక్కనబెట్టి, ఎవరి చేతిలోనో 20 వేలు పెట్టి వచ్చారు. ఇది ప్రేమతో చేసిన పనే, కాదనను. అయినా తప్పే.

హెల్పరు అని తేలిగ్గా రాసేశారు గానీ, తొమ్మిదేళ్లు మిల్లు మెయింటెనెన్సంటే బేరింగులు లాగి ఎక్కించడం, కప్లింగులు కలపడం, గేర్లూ చైన్లూ సరిచెయ్యడం. చప్పుడు విని బేరింగు పోతోందని చెప్పగలిగి ఉంటాడు. అదంతా ఫిట్టరు పని. అతనికి రానిది డ్రాయింగు చదవడం, వెర్నియరు, మైక్రోమీటరుతో కొలవడం, డయల్ గేజితో షాఫ్టులు సరిచూడటం. ఇవి నేర్చుకోదగ్గవే. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లోనూ పంపులు, కంప్రెసర్లు, గేరుబాక్సులు తిరుగుతూనే ఉంటాయి, వాటిలో ఉండే బేరింగు మిల్లులో ఉన్న బేరింగు లాంటిదే. వెల్డింగుకి వెళ్తే ఈ తొమ్మిదేళ్లూ పక్కనబెట్టి సున్నా నుంచి మొదలుపెట్టాలి. అతను అడిగింది అందుకే అయ్యుంటుంది.

దారి ఇలా ఉంటుంది. రెండేళ్ల ఫిట్టరు ట్రేడుకి టెన్త్ పాసవ్వాలి, అదీ లెక్కలు, సైన్సుతో. ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టొచ్చు, తరగతులు సెలవు రోజుల్లోనే కాబట్టి కూలి పోదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. తేలిగ్గా పాసవుదామని లెక్కలు లేకుండా సబ్జెక్టులు ఎంచుకుంటారు, తర్వాత ఫిట్టరు సీటు దగ్గర ఆగిపోతారు. అప్లికేషను నింపేటప్పుడు ఆ రెండూ పెట్టించండి. పాసైతే పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. ముద్ర కూడా తీయించుకోవచ్చు, రేపు విదేశం వెళ్లాలనుకున్నా అది ఉపయోగమే. ఒకవేళ అతనికే వెల్డింగు ఇష్టమైతే ఐటీఐలో వెల్డరు ట్రేడు ఏడాదే, ఎనిమిదో తరగతి చాలు.

రెండేళ్లు పూర్తిగా తరగతికి వెళ్లడం కష్టమైతే, పరిశ్రమలో మూడేళ్లకి తగ్గని అనుభవం ఉన్నవాళ్లు ఐటీఐ చివరి పరీక్షని ప్రైవేటుగా రాసే వీలుంది. అందుకు మిల్లు సర్వీసు రుజువు కావాలి. మిల్లు మూసేసినా పీఎఫ్ ఖాతాలో సర్వీసు వివరం ఉంటుంది, ఈ వారమే అతని యూఏఎన్‌తో (పీఎఫ్ ఖాతాదారుకి ఇచ్చే నంబరు) తీయించండి. పాత ఈఎస్ఐ కార్డు, జీతం చీటీలు పారెయ్యకండి. ఈలోగా చేతిలో నాలుగు రూపాయలు ఆడాలంటే, జిల్లాలో బ్యాంకు నడిపే ఆర్సెటీలో (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) మోటారు రీవైండింగు లాంటి నెల రోజుల శిక్షణ ఉచితంగా, భోజనం, వసతితో ఇస్తారు. పొలం మోటార్లు కాలినప్పుడు ఊళ్లోనే పని దొరుకుతుంది.

లెక్కలంటే అతనికి ఇంకా బెరుకు ఉంటుంది. భిన్నాలు మీ మనవరాలి ఆరో తరగతి పుస్తకంలోనే ఉన్నాయి, రాత్రి పూట ఇద్దర్నీ కలిసి చెయ్యమనండి. ఇన్‌స్టిట్యూటుకి వెళ్లి రసీదు చూపించి అడ్వాన్సు వెనక్కి అడగండి, ఈసారి అబ్బాయిని వెంట తీసుకెళ్లండి. రాకపోతే పోయింది 20 వేలు. మిగతా 2 లక్షల 30 వేలు అప్పు తెస్తే, ఆ వడ్డీకే నెలకి 4,600 కట్టాల్సి వచ్చేది.