పేరు గుర్తురాక నువ్వు వెతుకుతున్న ఆ పాత సినిమా బానీ అండ్ క్లైడ్ కాదు బ్రో

నువ్వు చెప్పిన గుర్తులు, అంటే బ్లాక్ అండ్ వైట్, రాత్రిపూట బస్సు దిగి అప్పటికప్పుడు పెళ్లి చేసేసుకునే కుర్ర జంట, స్టార్టింగ్‌లో పరిగెడుతున్న కారుని పైనుంచి చూపించడం, ఇవన్నీ చూస్తే బానీ అండ్ క్లైడ్ అయ్యే ఛాన్సే లేదు, అది 1967 కలర్ సినిమా కదా. నువ్వు వెతికేది దే లివ్ బై నైట్. డైరెక్టర్ నికోలస్ రే మొదటి సినిమా, 1947లోనే తీసేసినా స్టూడియో కొనుక్కున్న హోవర్డ్ హ్యూస్ దాన్ని అటకెక్కించేశాడు, అమెరికాలో రిలీజయ్యేసరికి 1949 వచ్చేసింది. ఆ కారు షాట్ నిజంగా హెలికాప్టర్‌లోంచి తీసిందే, డ్రోన్లు లేని రోజుల్లో మరి! ఈ సినిమాకి ఆధారమైన నవలనే 1974లో రాబర్ట్ ఆల్ట్‌మన్ థీవ్స్ లైక్ అస్ అని కలర్‌లో మళ్లీ తీశాడు, ముందు అది తగిలితే కంగారుపడకు. దే లివ్ బై నైట్‌కి దాని హీరో ఫార్లీ గ్రేంజర్ పేరు కలిపి సెర్చ్ కొట్టు, దొరుకుతుంది.