ఆయాసం ఉన్న అబ్బాయికి బెంగళూరా, హైదరాబాదా?

ప్రశ్న: మాది విజయవాడ. మా అబ్బాయికి క్యాంపస్‌లో ఏడాదికి 4 లక్షల ఉద్యోగం వచ్చింది. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్‌లలో ఏది ముందు కావాలో వరుసగా రాసివ్వమన్నారు. వాడికి చిన్నప్పటి నుంచి ఆయాసం. చల్లగా ఉంటుందని నేను బెంగళూరు అంటున్నా. అక్కడ డబ్బులు మిగలవని వాడంటున్నాడు.

జవాబు: బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, చల్లదనం నిజమే. కానీ చలిగాలి, పుప్పొడి, రోడ్ల మీది దుమ్ము ఆయాసాన్ని రేపుతాయి. ఈ మూడింటికీ అక్కడ కొదవ లేదు. అక్కడికి వెళ్లాకే తుమ్ములు పట్టుకున్నాయని చెప్పిన పిల్లల్ని నేను చూశాను. ఈ మాట మాత్రం నన్ను కాదు, వాడికి ఇన్‌హేలర్ రాసే డాక్టర్‌నే అడగండి. చెన్నై ఉక్కపోతంటారా, బెజవాడ మే నెల చూసినవాడికి అదేం కొత్త కాదు.

ఇక డబ్బు. 4 లక్షలంటే నెలకు 33 వేలని మీరు లెక్కేసుకుని ఉంటారు. పీఎఫ్, గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చేది), వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) పోను చేతికొచ్చేది 28 వేలు ఉంటే ఎక్కువ. బెంగళూరులో నలుగురు కలిసి ఇల్లు తీసుకున్నా ఓనరు నెలల తరబడి అద్దె అడ్వాన్సుగా అడుగుతాడు. మొదటి జీతం రాకముందే అది మీ జేబులోంచే పోవాలి. హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలలతో సరి. పైగా తిండితో కలిపి హాస్టళ్లు బోలెడు. చెన్నైలో ఏసీ గది తీసుకుంటే కరెంటు యూనిట్‌కు ఓనరు ఎంత వసూలు చేస్తాడో ముందే అడగాలి. బిల్లు దగ్గరే అసలు గొడవ.

నా ఓటు హైదరాబాద్‌కే, తర్వాత చెన్నై. ఒంట్లో బాగోలేదంటే హైదరాబాద్ 275 కిలోమీటర్లు, బస్సెక్కితే ఐదారు గంటల్లో మీరు వాడి దగ్గరుంటారు. చెన్నైకి వందే భారత్ ఉంది. బెంగళూరైతే రాత్రంతా ప్రయాణం, సంక్రాంతికి ప్రైవేటు బస్సు టికెట్ల సంగతి మీకు తెలిసిందే.

అయితే హైదరాబాద్ అన్నంత మాత్రాన అయిపోలేదు. పోచారం, గచ్చిబౌలి రెండూ హైదరాబాదే, మధ్యలో 30 కిలోమీటర్ల పైనే. ఆయాసం ఉన్నవాడు రోజూ ఆ పొగలో బండి మీద తిరిగితే ఏ ఊరైనా ఒకటే. ఫారం నింపేముందు ఆఫీసు ఏ ఏరియాలోనో హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టించండి. హాస్టల్ ఆఫీసుకు నడిచి వెళ్లేంత దగ్గర్లో చూడండి, వెయ్యి ఎక్కువైనా సరే. గోడలకు చెమ్మ ఉందేమో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.