లైఫ్‌టైమ్ వారంటీ అంటే ఎవరి లైఫ్‌టైమ్?

ప్రశ్న: నేను అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. కొత్త కారు కొనాలనుకుంటున్నాను. తన దగ్గర కొంటే ఇంజిన్, ట్రాన్స్‌మిషన్‌లకు లైఫ్‌టైమ్ పవర్‌ట్రెయిన్ వారంటీ ఉచితంగా ఇస్తానని ఒక డీలర్ అంటున్నాడు. అయితే ఆయిల్ మార్పించడంతో సహా ప్రతి సర్వీసూ అక్కడే చేయించాలట, బయట చేయిస్తే వారంటీ పోతుందట. అదే కారు మరో డీలర్ 900 డాలర్లు తక్కువకే ఇస్తున్నాడు, కానీ అక్కడ ఈ వారంటీ లేదు. ఏది మంచిది? బయట సర్వీసు చేయిస్తే వారంటీ పోతుందనడం చట్టప్రకారం చెల్లుతుందా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అయితే ఆ 900 డాలర్లు మిగుల్చుకోండి అనే చెప్తాను. వారంటీ కాగితం చూస్తే నా అభిప్రాయం మారవచ్చు. అందుకే ఆ కాగితంలో ఏం చూడాలో కూడా రాస్తున్నాను.

కారు తయారు చేసిన కంపెనీ ఇచ్చే పవర్‌ట్రెయిన్ వారంటీ మీకు ఎక్కడ కొన్నా వస్తుంది. టొయోటా, హోండా కార్లకు అది 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు, ఏది ముందైతే అది. హ్యుండయ్, కియా కార్లకు మొదటి యజమానికి 10 ఏళ్లు లేదా 1,00,000 మైళ్లు. అంటే డీలర్ ఇస్తానంటున్న వారంటీతో మీకు నిజంగా పని పడేది ఆ గడువు తీరాకే. అప్పటిదాకా ఈ కారు మీ దగ్గర ఉంటుందా? ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తే ఆయిల్ మార్పించడానికి ఈ డీలర్ దగ్గరికి ఎలా వస్తారు? మన వాళ్లలో చాలామంది నాలుగైదేళ్లకో ఊరు మారుతుంటారు. మీ విషయంలో నేను అన్నిటికంటే ముందు ఆలోచించేది ఇదే.

ఇక ‘లైఫ్‌టైమ్’ అన్న మాట. అది ఎవరి జీవితకాలమో, దేని జీవితకాలమో ప్రకటనలోనే స్పష్టంగా చెప్పాలని, వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు అంటున్నాయి. డీలర్ వారంటీల్లో అది సాధారణంగా మొదటి యజమాని చేతిలో కారు ఉన్నన్నాళ్లు మాత్రమే. అమ్మితే కొన్నవాళ్లకు రాదు, కాబట్టి అమ్మేటప్పుడు దానివల్ల మీకు పైసా ఎక్కువ రాదు. క్రైస్లర్ కంపెనీ 2007లో స్వయంగా లైఫ్‌టైమ్ పవర్‌ట్రెయిన్ వారంటీ ప్రవేశపెట్టింది. అదీ మొదటి యజమానికే. పైగా ఐదేళ్లకోసారి డీలర్ దగ్గర తనిఖీ చేయించుకోవాలి, మర్చిపోతే పోయినట్టే. రెండేళ్లు గడిచాక కొత్త కార్లకు ఆ పథకాన్నే మానేసి 5 ఏళ్లు, 1,00,000 మైళ్ల వారంటీకి మారింది.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా చోటే సర్వీసు చేయించాలని, ఫలానా బ్రాండు విడిభాగాలే వాడాలని షరతు పెట్టి వారంటీని దానికి ముడిపెట్టకూడదు. ఆ సర్వీసు, ఆ భాగాలు ఉచితంగా ఇస్తే, లేదా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నుంచి ప్రత్యేక మినహాయింపు తెచ్చుకుంటే అది వేరే సంగతి. 2015లో బీఎండబ్ల్యూ సంస్థ మినీ విభాగం మీద కమిషన్ చర్య తీసుకున్నది సరిగ్గా ఇలాంటి షరతు గురించే. కాబట్టి డీలర్ డబ్బులు తీసుకుంటూ ‘సర్వీసు నా దగ్గరే’ అంటే, అది చట్టం అర్థంలో వారంటీ అయితే, గట్టిగా ప్రశ్నించే హక్కు మీకుంది.

ఆ ‘అయితే’ దగ్గరే అసలు చిక్కు. కారు ధరలో భాగంగా వచ్చే హామీ వారంటీ. విడిగా డబ్బు తీసుకుని ఇచ్చేది సర్వీస్ కాంట్రాక్ట్. దానికి ఈ నిషేధం వర్తించదు. ‘ఉచితం’ అని నోటితో చెప్పి, బిల్లులో చిన్న అక్షరాల్లో దానికో ధర వేశారేమో చూడండి. లైఫ్‌టైమ్ వారంటీ అని పిలుస్తూ కాగితం మీద సర్వీస్ కాంట్రాక్ట్ అని రాసి ఉంటే, షరతులు కాగితంలో ఉన్నట్టే నడుస్తాయి. చట్టం మీవైపు ఉన్నా సరే, ట్రాన్స్‌మిషన్ పాడై కారు షెడ్డులో ఉన్నప్పుడు హక్కుల కోసం లాయరు చుట్టూ తిరగడం ఎంత టెన్షనో నాకు తెలుసు.

నా క్లయింట్ ఒకరి కారు లక్ష మైళ్లు దాటాక ప్రయాణం మధ్యలో ఆగిపోయింది. ఆయన సర్వీసు రసీదులన్నీ దాచుకున్న మనిషి. దగ్గర్లో ఉన్న మెకానిక్ ట్రాన్స్‌మిషన్ విప్పి, లోపం చూసి బాగు చేశాడు. తర్వాత వారంటీ కింద అడిగితే, విప్పకముందే మా అనుమతి తీసుకోలేదు కనుక ఇవ్వం అన్నారు. ఆ షరతు కాగితంలో స్పష్టంగా ఉంది. నేను ఉత్తరాలు రాశాను, ఫలితం లేకపోయింది. ఆయన సంతకం చేసిన రోజు ఆ పేరా చదివి ఉంటే, రోడ్డు పక్క నుంచే ఒక ఫోన్ చేసేవారు.

ఇలాంటి కాగితాల్లో తరచుగా కనిపించేవి మరికొన్ని ఉన్నాయి. సీళ్లు, గ్యాస్కెట్లు వర్తించవంటారు. మామూలు అరుగుదల వర్తించదంటారు. లోపం వారంటీ కిందకి రాదని తేలితే విప్పిన ఖర్చు మీదే అంటారు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది చెల్లింపు పరిమితి. మొత్తం క్లెయిములు కారు ఆనాటి మార్కెట్ విలువను దాటకూడదని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. పదిహేనేళ్ల కారు విలువ ఎంత ఉంటుంది? కొత్త ఇంజిన్ ఖరీదు అంతకంటే ఎక్కువే కావచ్చు. అంటే హామీ అత్యవసరమయ్యే సమయానికి దాని విలువే తగ్గిపోయి ఉంటుంది.

డబ్బు చెల్లించేది ఎవరో కూడా చూడండి. డీలరే బాధ్యుడైతే, ఆ షోరూమ్ మూతపడితే మీ హామీ చిక్కుల్లో పడుతుంది. వెనుక బీమా కంపెనీ ఉంటే దాని పేరు ఒప్పందంలో ఉండాలి. ఆ పేరు చూసి, మీ రాష్ట్ర బీమా శాఖ దగ్గర లైసెన్సు ఉందో లేదో తెలుసుకోండి.

ఒకవేళ ఇద్దరు డీలర్ల ధరా ఒకటే అయి, మీరు పదేళ్లకు పైగా అదే ఊళ్లో, అదే కారుతో ఉండేవాళ్లయితే, ఉచితంగా ఇచ్చేదాన్ని వద్దనకండి. ప్రతి సర్వీసు రసీదు మీద తేదీ, మైళ్లు, కారు నంబరు ఉండేలా చూసుకుని ఫోటో తీసి దాచండి. వాడిన కారు కొంటున్నవాళ్లకైతే ఇంకో లాభం ఉంది. డీలర్ స్వయంగా రాతపూర్వక వారంటీ ఇస్తే, కారు ఎలా ఉంటే అలాగే అమ్ముతున్నాను, తర్వాత నాకు సంబంధం లేదు అని చెప్పి, కాగితంలో రాయకపోయినా చట్టం ఇచ్చే అంతర్లీన హామీలను పూర్తిగా తోసిపుచ్చలేడు.

15 డాలర్లు దాటిన వస్తువుకు రాతపూర్వక వారంటీ ఉంటే, కొనకముందే దాన్ని చదివే వీలు కల్పించాలన్నది ఫెడరల్ నియమం. రేపు వెళ్లి పూర్తి ప్రతి అడగండి. ‘సంతకం అయ్యాక మెయిల్ చేస్తాం’ అంటే సంతకం చేయకుండా వచ్చేయండి. ఇస్తే, సర్వీసు షరతు, చెల్లింపు పరిమితి ఉన్న పేజీలు నాకు పంపండి. చదివి చెప్తాను.