నచ్చిన బడి ఎంచుకోమన్నా పిల్లలెందుకు కలవలేదు?

ప్రశ్న: నల్లజాతి పిల్లలకు వేరే బడులు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1954లోనే చెప్పింది కదా. తల్లిదండ్రులకు నచ్చిన బడిలో చేర్చుకోనిస్తే సమస్య తీరిపోయేది కాదా?

జవాబు: అదీ చేసి చూశారండీ. ఆ 1954 తీర్పు (బ్రౌన్ కేసు) గడువేమీ పెట్టకపోవడంతో దక్షిణాది రాష్ట్రాల బడి బోర్డులు పదేళ్లు కాలం నెట్టుకొచ్చాయి. 1964 పౌరహక్కుల చట్టం, వివక్ష చూపే బడులకు కేంద్ర నిధులు ఆపేయవచ్చన్నాకే కదలిక వచ్చింది.

వర్జీనియాలోని న్యూ కెంట్ కౌంటీనే చూడండి. ఉన్నవి రెండే బడులు: తెల్లవారికి న్యూ కెంట్, నల్లవారికి వాట్కిన్స్. పిల్లలు సుమారు 1,300 మంది. కౌంటీ అంతటా ఇరువర్గాల ఇళ్లూ కలిసే ఉండేవి. అయినా 11 బస్సులు వాట్కిన్స్‌కు, 10 న్యూ కెంట్‌కు ఒకదాని దారిలోనే ఇంకొకటి తిరిగేవి. నిధులు పోకూడదని 1965లో బోర్డు ‘మీ ఇష్టమొచ్చిన బడి’ అంది. మూడేళ్లలో ఒక్క తెల్లబిడ్డ కూడా వాట్కిన్స్‌లో చేరలేదు. 1967 నాటికీ నల్లపిల్లల్లో నూటికి 85 మంది అక్కడే చదువుతున్నారు. బడి మారుతామని ముందుకొచ్చిన కుటుంబాలు దక్షిణాదిలో చాలాచోట్ల పనులు పోగొట్టుకున్నాయి మరి. విడదీసింది బోర్డు; కలిపే భారం మాత్రం పిల్లల మీద పడింది. 1968లో ఈ కౌంటీ మీదే నడిచిన గ్రీన్ కేసులో సుప్రీంకోర్టు ఆ భారాన్ని తిరిగి బోర్డు మీదే పెట్టింది. దారి కూడా సూచించింది: చిన్న తరగతులన్నీ ఒక బడిలో, పెద్ద తరగతులన్నీ రెండోదాంట్లో.

ప్రశ్న: ఇప్పుడు జాతి చూసి సీటు ఇవ్వకూడదంటున్నారు. మరి కలపడమెలా?

జవాబు: ఒక్కో విద్యార్థి జాతిని బట్టి సీటు కేటాయించే పద్ధతిని సియాటిల్, లూయీవిల్ కేసుల్లో 2007లో కోర్టు కొట్టేసింది. కుటుంబ ఆదాయం చూడటానికి మాత్రం అడ్డు లేదు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో తల్లిదండ్రులు తమకు కావలసిన బడులను వరసగా రాసిస్తారు. ఆదాయం తక్కువ కావడంతో ఉచిత, రాయితీ భోజనానికి అర్హులైన పిల్లల వాటా ప్రతి బడిలోనూ బడుల జిల్లా (ఒకే బోర్డు కింది బడులు) సగటుకు దగ్గరగా ఉండేలా అధికారులు సీట్లు సర్దుతారు.

ఇలాంటి పథకం ఎక్కువగా బస్సు దగ్గరే చెడుతుంది. బస్సు లేకపోతే ఎంపిక కారున్నవాళ్లకే. ఇంకో చిక్కు, ప్రత్యేక కోర్సులతో దూరపు పిల్లల్ని రప్పించే మాగ్నెట్ బడుల్లో కనిపిస్తుంది. గేటు దగ్గర లెక్కపెడితే అందరూ కలిసినట్టే ఉంటుంది, తరగతి తలుపు తీస్తే ఎవరి గది వారిదే. అందుకే లెక్క బడికి కాదు, తరగతికి తీయాలి.

అన్నిటికన్నా పెద్ద అడ్డు ఈ బడుల జిల్లా సరిహద్దు. తప్పు శివారు జిల్లాలదని రుజువు కానిదే వాటిని నగరం పథకంలోకి లాగకూడదని 1974లో డెట్రాయిట్ కేసులో సుప్రీంకోర్టు 5–4తో తేల్చింది. కనెక్టికట్‌లో మాత్రం 1996లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సొంత రాజ్యాంగం ఆధారంగా వేరే తీర్పిచ్చింది. ఆ తర్వాత అక్కడి హార్ట్‌ఫర్డ్ నగరం పిల్లలూ శివారు పిల్లలూ లాటరీ మీద ఒకే మాగ్నెట్ బడిలో చేరే వీలు కలిగింది.