సిగ్నల్ తప్పా, డ్రైవర్ తప్పా తేలేదాకా పరిహారం కోసం ఆగాలా?

ప్రశ్న: 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య జరిగిన రైలు ప్రమాదంలో నా భర్త చనిపోయారు. ఆయన పలాస ప్యాసింజర్‌లో ఉన్నారు. సిగ్నళ్లు పాడవడమే కారణమని మా మరిది, వెనక బండి డ్రైవర్‌దే తప్పని మా అన్నయ్య వాదిస్తున్నారు. అది తేలాక కేసు వేద్దామని ఆగాం. ఎక్స్‌గ్రేషియా అందింది. టికెట్ మాత్రం దొరకలేదు. ఇప్పుడు పరిహారం అడగవచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ పరిహారానికి ఆ వాదన తేలవలసిన అవసరమే లేదు. రైల్వే చట్టం, 1989లోని 124వ సెక్షన్ ప్రకారం, ప్రయాణికుల రైలు ఢీకొన్నా, పట్టాలు తప్పినా, రైల్వే యంత్రాంగం వైపు తప్పు గానీ నిర్లక్ష్యం గానీ ఉన్నా లేకపోయినా పరిహారం చెల్లించి తీరాలి. పైగా సిగ్నళ్లు చూసేవారూ, బండి నడిపేవారూ ఇద్దరూ రైల్వే ఉద్యోగులే.

అయినా మీ ఇంట్లో వాదన అర్థం లేనిదని అనను. సిగ్నల్ వ్యవస్థలో లోపం వస్తే ఎరుపు దీపం వెలిగేలా దాన్ని రూపొందిస్తారు. అందువల్ల పాడైన సిగ్నల్ మామూలుగా బండ్లను ఆపుతుందే తప్ప గుద్దించదు. ఆ ఎరుపును దాటి వెళ్లేటప్పుడు పాటించవలసిన నిబంధనల దగ్గరే ప్రమాదం పొంచి ఉంటుంది. కంటకాపల్లి విషయంలో రైల్వే శాఖ తొలి వివరణ ఇదే: లోపం ఉన్న ఆటోమేటిక్ సిగ్నళ్లను, వెనక నుంచి వచ్చి మీ వారి బండిని ఢీకొన్న రాయగడ ప్యాసింజర్ నిబంధనలకు విరుద్ధంగా దాటిందని. దాని లోకో పైలట్ (డ్రైవర్) కూడా ఆ ప్రమాదంలోనే చనిపోయారు. తన పక్షం చెప్పుకోలేని మనిషి మీద తప్పు మోపడం సులువని గుర్తుంచుకోవాలి. అదే ఏడాది జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్‌లో జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాల వల్ల కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్‌కు పచ్చ సిగ్నల్ పడగా, పాయింట్లు (బండిని ఒక లైన్ నుంచి మరో లైన్‌కు మళ్లించే పట్టాల భాగాలు) మాత్రం పక్కనున్న లూప్ లైన్ వైపు ఉండిపోయి, బండి అక్కడ నిలిచి ఉన్న గూడ్సును గుద్దింది. అక్కడ డ్రైవర్‌ను తప్పుపట్టడానికి లేదు. ఇలాంటి తేడాలు రైల్వే భద్రతా కమిషనర్ విచారణలోనూ, నిర్లక్ష్యంపై క్రిమినల్ కేసులోనూ నిర్ణాయకమవుతాయి. మీ పిటిషన్‌లో కావు.

మీకున్న అసలు చిక్కు గడువు. ఇలాంటి పరిహారం అడగవలసింది రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో. రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ చట్టం, 1987లోని 17వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ‘కారణం తేలేదాకా ఆగాం’ అనే మాట ఒక్కటే బలహీనమైన సమాధానం. మీ అనారోగ్యం, పిల్లల చిన్న వయసు, ఎవరైనా అధికారి ఆగమని చెప్పి ఉంటే ఆ సంగతి, ఇవన్నీ తేదీలతో సహా అఫిడవిట్‌లో రాసి, ఆలస్యాన్ని మన్నించాలనే పిటిషన్‌ను అసలు దరఖాస్తుతో పాటే వేయండి. మీరు నివసించే ప్రాంతంపై పరిధి ఉన్న బెంచ్‌లోనే వేయవచ్చు.

టికెట్ లేదని వెనకాడకండి. 2018లో రీనా దేవి కేసులో సుప్రీంకోర్టు, టికెట్ దొరకనంత మాత్రాన ఆ వ్యక్తి ప్రయాణికుడు కాడని అనలేమని, సంబంధిత వాస్తవాలతో అఫిడవిట్ వేస్తే దాన్ని ఖండించే భారం రైల్వేపై పడుతుందని చెప్పింది. మరణానికి పరిహారం 2017 జనవరి 1 నుంచి 8 లక్షల రూపాయలు. ఎక్స్‌గ్రేషియా దీనికి వేరు. మరణ ధ్రువీకరణ పత్రం, పోస్ట్‌మార్టం నివేదిక, ఎఫ్ఐఆర్ నకలు, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకుని ఈ వారమే న్యాయవాదిని కలవండి. ఇక్కడి నుంచి గడిచే ప్రతి నెలకూ మీరు మళ్లీ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.