హట్జ్, ట్రాయ్ ఎందుకు మాయమయ్యారంటే

రెండు పాత్రలు కనపడకపోతే మీ స్ట్రీమింగ్ ప్లాట్‌ఫామ్ కట్ చేసిందేమో, ప్లాన్ మార్చాలేమో అని మీ అనుమానం. అదేమీ కట్ చేయలేదండీ, ప్లాన్ మార్చే పని పెట్టుకోకండి. అమెరికన్ కార్టూన్ సిరీస్ 'ది సింప్సన్స్'లో లాయర్ లయనెల్ హట్జ్, "నన్ను మీరు ఫలానా సినిమాలో చూసే ఉంటారు" అంటూ వచ్చే ట్రాయ్ మెక్‌క్లూర్ పదో సీజన్ నుంచి కనపడటం లేదన్నారు కదా, ఇద్దరికీ గొంతు ఇచ్చింది ఒకరే, ఫిల్ హార్ట్‌మన్. 1998 మేలో ఆయన హత్యకు గురయ్యారు. వేరే గొంతు పెట్టకుండా ఆ పాత్రలనే ఆపేశారు. ట్రాయ్ చివరిసారి మాట్లాడింది పదో సీజన్ మూడో ఎపిసోడ్‌లో, సింప్సన్ల కొడుకు బార్ట్ పక్షి గుడ్లు పొదిగించే కథ, దాన్ని హార్ట్‌మన్‌కే అంకితం ఇచ్చారు. అది మీరు మిస్ అయినట్టున్నారు, చూడండి.

లాయర్ సీటులో తర్వాత చాలాసార్లు కనిపించే ఆ బేల మనిషి గిల్, బార్ట్ నాన్న హోమర్‌కి గొంతు ఇచ్చే డాన్ కాస్టెలనెటాదే ఆ గొంతు కూడా. తమాషా ఏంటంటే గిల్ మొదట వచ్చింది తొమ్మిదో సీజన్‌లో హోమర్ భార్య మార్జ్ ఇళ్లు అమ్మే ఎపిసోడ్‌లో, అందులో ఆమె బాస్ హట్జే! గిల్ నవ్విస్తాడు కానీ, హట్జ్ లెవెల్ కాదు నా లెక్కలో.

హార్ట్‌మన్‌ని ఇంకా వినాలంటే 1993 నాటి మోనోరైల్ ఎపిసోడ్ పెట్టుకోండి, ఊరందరినీ పాట పాడి బుట్టలో వేసే సేల్స్‌మన్ ఆయనే. రాసింది కోనన్ ఓబ్రయన్, అవును, తర్వాత టాక్ షో చేసిన ఆయనే.