తెమడ డబ్బా చేతికిచ్చే ముందు

అమ్మలూ,

పంపిన టీబీ శాంపిల్స్‌లో నాలుగు తిప్పి పంపారని టెన్షన్ పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను, తిప్పి పంపించుకోని వాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.

చాలాసార్లు తేడా వచ్చేది మిషన్ దగ్గర కాదు, డబ్బా ఇచ్చే చోట. "ఇందులో ఉమ్మి తీసుకురా" అంటే పేషెంట్ ఉమ్మే తెస్తాడు. పల్చగా, నురగగా ఉంటే అది ఉత్త లాలాజలం. మనకు కావలసింది ఊపిరితిత్తుల లోపల్నుంచి వచ్చే చిక్కటి కళ్ళె. ముందు మంచినీళ్లతో పుక్కిలించమను. రెండు మూడుసార్లు గుండెనిండా గాలి పీల్చి, కాసేపు బిగబట్టి, కడుపు అదిరేలా దగ్గమను. మాటలతో చెబితే అర్థం కాదు, నువ్వే చేసి చూపించు. 2 నుంచి 5 మిల్లీలీటర్లు వస్తే చాలు.

దగ్గించేది ఆరుబయటే. ల్యాబ్‌లో, బాత్‌రూమ్‌లో ఎప్పుడూ వద్దు. మాస్క్ పెట్టుకో, ఎదురుగా నిలబడకు. పదిమంది చూస్తుంటే ఆడవాళ్లు గట్టిగా దగ్గరు, గొంతు సవరించుకుని వచ్చేస్తారు. మా ఆస్పత్రి వెనక వేపచెట్టు దగ్గర తడక కట్టించాక మంచి శాంపిల్స్ రావడం మొదలైంది.

మేం మూడు శాంపిల్స్ అడిగేవాళ్లం, ఇప్పుడు రెండే. ఒకటి అప్పటికప్పుడు, రెండోది మర్నాడు నిద్ర లేవగానే, ఏమీ తినకముందు. దూరం నుంచి వచ్చి, మళ్లీ రాడనిపిస్తే కనీసం గంట ఆగి రెండోది తీసుకో. ఏదైనా మందులు మొదలుపెట్టకముందే.

పేరు, నిక్షయ్ నంబరు (టీబీ పేషెంట్లకి ప్రభుత్వ పోర్టల్‌లో ఇచ్చే నంబరు), తేదీ డబ్బా మీదే రాయి, మూత మీద కాదు. నేనొకసారి మూతల మీద రాశాను. ఒకే పేరున్న ఇద్దరు ముసలాళ్లు, రెండు మూతలూ బల్ల మీద. ఏది ఎవరిదో తెలియక ఇద్దర్నీ మళ్లీ పిలిపించాను. వాళ్లలో ఒకాయన తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి.

పంపేటప్పుడు మూత బిగించి, దూది చుట్టి, కవర్లో పెట్టి, ఐస్ ప్యాక్‌లున్న పెట్టెలో సర్దు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండల్లో బల్ల మీద వదిలేస్తే వేరే క్రిములు పెరిగి కల్చర్, అంటే ల్యాబ్‌లో టీబీ క్రిమిని పెంచి చూసే పరీక్ష, పాడవుతుంది. ఫారం డబ్బాకి చుట్టకు, విడి కవర్లో పెట్టు.

ఇంకోటి. మెడ గడ్డ నుంచి ముక్క తీస్తే అలవాటు కొద్దీ ఫార్మలిన్‌లో, అంటే ముక్క కుళ్లకుండా ఉంచే ద్రావణంలో, వేసేస్తారు. అందులో టీబీ క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్‌లో ఏం పెరుగుతుంది? ఆపరేషన్ రోజు పొద్దున్నే సిస్టర్‌కి ఒక స్టెరైల్ సీసాలో నార్మల్ సెలైన్ ఇచ్చిరా, ఒక ముక్క అందులో వేయమను. డాక్టరుగారికి కోపం వస్తే రానీ.

తిప్పి పంపిన ఫారాల మీద కారణం ఏం రాశారో ఫొటో తీసి పంపు. పేర్లు కనబడకుండా వేలు అడ్డం పెట్టు.

మీ మావయ్య